తగ్గింపు ఫ్లెక్సీ మీద, వడ్డింపు కొటేషన్‌లో

బైక్ షోరూమ్‌లో కొటేషన్ కాగితం చేతికి వచ్చాక చాలామంది చూసేది రెండే అంకెలు: చివర ఉన్న మొత్తం, నెలనెలా కట్టాల్సిన వాయిదా. మధ్యలో ఉన్న పది పన్నెండు వరుసలను ఎగ్జిక్యూటివ్ గడగడా చదివేస్తాడు. ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), హ్యాండ్లింగ్, యాక్సెసరీస్ కిట్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, కోటింగ్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్. ఇందులో ప్రభుత్వానికి చేరేదేది, డీలర్ ఖాతాలో పడేదేది, వద్దంటే తీసేయించుకోగలిగేదేది అన్నది ఆ కాగితం చెప్పదు. బయట ఫ్లెక్సీ మీద ఐదు వేల తగ్గింపు చూసి లోపలికి వచ్చిన మనిషి, ఆ ఐదు వేలు ఏ వరుసలో కరిగిపోయాయో తెలియకుండానే అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకుంటాడు.

ఈ విషయంలో మా మాట సూటిగా చెబుతున్నాం. బండి ధర అంటే దాన్ని రోడ్డు మీదికి తెచ్చుకోవడానికి కొన్నవాడు కట్టే మొత్తం. తగ్గింపు అని ప్రకటించినప్పుడు ఆ మొత్తమే తగ్గాలి. ఎక్స్‌షోరూమ్ ధరలో, అంటే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ లాంటివి కలపకముందు ధరలో, ఐదు వేలు తగ్గించి, మిగతా వరుసల్లో ఆరు వేలు కలిపితే అది ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడమే. దాన్ని ఆఫర్ అని పిలవనివ్వకూడదు.

కారు కొనేవాళ్లకు ఐదు వేలు పెద్ద తేడా కాకపోవచ్చు. బైక్ కొనేవాళ్లు ఎవరు? పాలు పోసేవాళ్లు, ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లు, తాపీ మేస్త్రీలు, రోజూ ముప్పై కిలోమీటర్లు వెళ్లి పాఠాలు చెప్పి వచ్చే ప్రైవేటు టీచర్లు. చీటీ పాడిన డబ్బో, పంట అమ్మిన డబ్బో, అమ్మ గాజులు తాకట్టు పెట్టిన డబ్బో పట్టుకుని షోరూమ్ మెట్లెక్కుతారు. వాళ్లకు ఐదు వేలంటే రెండు నెలల పెట్రోలు. మన సంతల్లో కొసరు అంటే అమ్మేవాళ్లు తమ చేత్తో అదనంగా వేసేది. షోరూమ్‌లో మాత్రం కొసరు కూడా కొనేవాళ్ల నెత్తినే పడుతోంది.

హ్యాండ్లింగ్ చార్జీల సంగతే చూడండి. గోడౌన్ నుంచి బండి తేవడం, విప్పి చూసి సరిచేయడం, తుడిచి అప్పగించడం డీలర్ పని. అందుకోసమే కంపెనీ అతనికి మార్జిన్ ఇస్తుంది. ఏ మోటారు వాహన చట్టంలోనూ కొన్నవాళ్లు ఈ చార్జీ కట్టాలని లేదు. దేశంలో పలు రాష్ట్రాల రవాణా శాఖలు దీన్ని వసూలు చేయవద్దని ఉత్తర్వులిచ్చాయి. తీసుకున్న సొమ్ము వెనక్కి ఇమ్మని వినియోగదారుల కమిషన్లు ఆదేశించిన కేసులూ ఉన్నాయి. అయినా వసూలు ఆగలేదు, పేరు మారిందంతే. హ్యాండ్లింగ్ అని రాస్తే ఎవరైనా నిలదీస్తారేమోనని లాజిస్టిక్స్ అనో, సర్వీస్ చార్జ్ అనో, డాక్యుమెంటేషన్ అనో రాస్తున్నారు.

ఇంతకన్నా పెద్ద మొత్తం ఇన్సూరెన్స్ వరుసలో ఉంటుంది. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి. దాని ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బండికి ఐదేళ్లకు 3,851 రూపాయలు, 150 నుంచి 350 సీసీ బండికి 7,365 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మనం రోజూ చూసే వంద, నూట పాతిక సీసీ బళ్లన్నీ మొదటి వర్గంలోకే వస్తాయి. ఇంతవరకు బేరం లేదు. ఆ పైన కొటేషన్‌లో కనిపించేదంతా సొంత బండికి నష్టం జరిగితే పనికొచ్చే ఓన్ డ్యామేజ్ బీమా, యజమాని ప్రమాద బీమా, జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల తగ్గించకుండా క్లెయిమ్ ఇచ్చేది) లాంటి అదనపు కవర్లు. ఓన్ డ్యామేజ్‌ను ఏళ్ల తరబడి థర్డ్ పార్టీతో కట్టగట్టి అమ్మే ప్యాకేజీలను బీమా నియంత్రణ సంస్థ 2020 ఆగస్టు నుంచే ఆపేసింది. యజమానికి అప్పటికే పదిహేను లక్షల ప్రమాద బీమా ఉంటే ఈ బండి కోసం మళ్లీ కొనక్కర్లేదు. ఈ రెండు సంగతులు షోరూమ్‌లో ఎవరూ చెప్పరు.

పైగా బయటి నుంచి పాలసీ తెస్తానంటే భయపెడతారు. క్లెయిమ్ రాదంటారు, వారంటీ పోతుందంటారు, ఆఫర్ వర్తించదంటారు. పాలసీ ఎక్కడ కొనాలో నిర్ణయించుకునే హక్కు బండి యజమానిది. వాహన డీలర్లు బీమా అమ్మడానికి 2017లో వచ్చిన మార్గదర్శకాలు కూడా కొనుగోలుదారుడిని బలవంతపెట్టకూడదనే చెబుతున్నాయి. మా దగ్గర ఇన్సూరెన్స్ తీసుకుంటేనే డిస్కౌంట్ అని డీలర్ అంటే, ఆ డిస్కౌంట్ ఇన్సూరెన్స్ కమీషన్లోంచి వస్తోందని అర్థం చేసుకోవాలి.

హెల్మెట్, శారీ గార్డు సంగతి మరీ బాధ కలిగిస్తుంది. ఇవి ప్రాణాలు కాపాడేవి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ఏం చెబుతోందంటే, వెనక కూర్చునే వీలున్న బండికి పట్టుకోవడానికి హ్యాండ్‌గ్రిప్, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ లేకుండా దాన్ని తయారే చేయకూడదు. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని ఆడవాళ్లు పడిపోకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం. 138వ నిబంధన ప్రకారం బండి కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్‌ను తయారీదారే సరఫరా చేయాలి. బండిలో భాగంగా ఉండాల్సిన వీటిని యాక్సెసరీస్ కిట్‌లో చేర్చి, సీట్ కవర్‌తో, నంబర్ ప్లేట్ ఫ్రేమ్‌తో కలిపి మూడు నాలుగు వేలు రాయడం ఏ రకంగానూ సమర్థించలేం.

గత ఏడాది పన్ను తగ్గినప్పుడు కూడా ఇదే పోకడ కనిపించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత పన్నుతో ఎక్స్‌షోరూమ్ 80 వేలున్న బండి అసలు ధర 62,500. కొత్త పన్ను కలిపితే 73,750. అంటే 6,250 రూపాయలు తగ్గాలి. ఇది ప్రభుత్వం వదులుకున్న పన్ను, డీలర్ ఇచ్చిన బహుమతి కాదు. దీన్నే పండగ ఆఫర్‌గా ఫ్లెక్సీ మీద రాసుకుంటే కొనేవాళ్లను మోసం చేసినట్టే. అంతకుముందు డీలర్ ఇస్తున్న రెండు మూడు వేల తగ్గింపును ఆ పండక్కి ఆపేసి ఉంటే, పన్ను తగ్గింపులో కొంత డీలర్ దగ్గరే ఆగిపోయినట్టు. పన్ను తగ్గినా ధర తగ్గించని వ్యాపారుల మీద జీఎస్టీ చట్టం కింద ఫిర్యాదు చేసే దారిని 2025 ఏప్రిల్ 1 నుంచి మూసేశారు. పన్నులో ఇంత భారీ మార్పు తెచ్చేముందు ఆ దారిని మళ్లీ తెరిచి ఉండాల్సింది.

వాయిదాల లెక్క ఇంకో చిక్కు. పది శాతం వడ్డీయేనంటే చవకే కదా అనిపిస్తుంది. లక్ష రూపాయలు మూడేళ్లకు ఫ్లాట్‌గా పది శాతం అంటే వడ్డీ 30 వేలు, నెలకు 3,611 రూపాయలు. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు కాబట్టి నిజానికి పడేది ఏడాదికి సుమారు 18 శాతం. జీరో వడ్డీ అనే పథకాల గురించి రిజర్వ్ బ్యాంకు 2013లోనే అలాంటిది ఉండదని బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో దాక్కుంటుంది. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ ఏడాదికి పడే అసలు భారమెంతో చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అదీ రుణం తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో. షోరూమ్ బల్ల మీద ట్యాబ్‌లో నాలుగు చోట్ల ఓటీపీ చెప్పించుకుని లోన్ ఓకే అయిందనే చోట ఆ కాగితం తెలుగులో ఎంతమంది చేతికి వస్తోంది?

నిజమైన తగ్గింపులు లేవని మేము అనడం లేదు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణాల) వాహనాలు అమ్మకూడదని తీర్పు ఇచ్చినప్పుడు దేశంలో అలాంటి ద్విచక్ర వాహనాలు 6 లక్షల 70 వేలకు పైగా అమ్ముడుపోకుండా ఉన్నాయి. రెండు రోజుల పాటు షోరూమ్‌ల ముందు జనం బారులు తీరారు. కొన్ని మోడళ్ల మీద పది వేలకు పైనే తగ్గించారు. ఆ తగ్గింపుకు కారణం అందరికీ తెలుసు. ఎంత తగ్గిందో కూడా తెలుసు. ఎవరూ ఏదీ దాచలేదు. ఏడాది చివర తయారీ సంవత్సరం మారబోతోందని ధర తగ్గించడం కూడా తప్పు కాదు. బండి ఎప్పుడు తయారైందో కొనేవాళ్లకు ముందే చెప్పాలి, అంతే. జనవరిలో కొత్త స్టాక్ అని చెప్పి కిందటి మార్చిలో తయారైన బండి ఇస్తే, రేపు దాన్ని అమ్ముకునేటప్పుడు ఆ తేడా మొత్తం యజమానికే నష్టం. తయారైన నెల, సంవత్సరం ఫారం 22లో, అంటే బండి నిబంధనల ప్రకారం ఉందని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్‌లో, ఉంటాయి. అడ్వాన్స్ కట్టకముందే ఆ కాగితం చూపించమనండి.

ప్రకటనల విషయంలో చట్టం బలంగానే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, షరతులను ప్రకటనలోని మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరాల తీరులో, కనపడేలా రాయాలి. ప్రకటించిన ధరకు సరిపడా సరుకు ఇవ్వగలిగే పరిస్థితి లేనప్పుడు ఆ ధరతో ఎర వేయకూడదు. ఇప్పుడు మన ఊళ్ల కూడళ్లలో ఫ్లెక్సీలు చూడండి. 4,999కే బండి ఇంటికి అని అడుగెత్తు తెలుగు అక్షరాలు, కింద మూల చీమ తలకాయంత ఇంగ్లీషులో కండిషన్స్ అప్లై. అది బండి ధర కాదని, డౌన్ పేమెంట్ మాత్రమేనని తెలిసేది లోపలికి వెళ్లి కూర్చున్నాకే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పెద్ద కంపెనీల టీవీ ప్రకటనల మీద పడే ఆ సంస్థ చూపు మండల కేంద్రంలోని ఫ్లెక్సీ దాకా రావడం లేదు.

డీలర్లు తమ కష్టం చెబుతున్నారు. మార్జిన్ తక్కువని, అమ్ముడుపోని మోడళ్లను కూడా కంపెనీ నెట్టేస్తుందని, నెల టార్గెట్ తప్పితే ఇన్సెంటివ్ పోతుందని, షోరూమ్ అద్దె, జీతాలు, స్టాక్ మీద బ్యాంకు వడ్డీ భరించలేకపోతున్నామని. ఇందులో నిజముంది. ఎగ్జిక్యూటివ్‌గా పనిచేసే కుర్రాళ్ల జీతం కూడా ఎన్ని కిట్‌లు, ఎన్ని పాలసీలు అంటగట్టారన్న దాని మీద ఆధారపడుతోంది. వాళ్లకు ఆ టెన్షన్ లేదని అనం. కానీ కంపెనీతో తేల్చుకోవాల్సిన లెక్కను కొనేవాళ్ల కొటేషన్‌లో తేల్చుకోవడం కుదరదు. తక్కువ ఎక్స్‌షోరూమ్ ధర చూపించి పోటీలో నిలబడాలనుకునే తయారీదారులకు ఇందులో సగం బాధ్యత ఉంది. ఫిర్యాదు వస్తే డీలర్ వేరు, మేము వేరు అని వాళ్లు తప్పించుకోవడానికి వీల్లేదు.

ప్రభుత్వం గట్టిగా అడిగితే ఏమవుతుందో 2023లో చూశాం. సబ్సిడీ అర్హత కోసం ఎలక్ట్రిక్ స్కూటర్ ధరను లక్షన్నర లోపు చూపించి, చార్జర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ విడిగా డబ్బు తీసుకున్నారని కేంద్రం విచారణ మొదలుపెట్టింది. ఓలా, ఏథర్, టీవీఎస్, హీరో విడా ఆ డబ్బు కొన్నవాళ్లకు తిరిగి ఇచ్చేందుకు ఒప్పుకున్నాయి. ఆ కంపెనీలకు కావాల్సిన సబ్సిడీ కేంద్రం చేతిలో ఉంది కాబట్టి అది సాధ్యమైంది. బైక్ డీలర్లకు కావాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్ (రిజిస్టర్ కాని బళ్లను ఉంచుకోవడానికి డీలర్‌కు ఇచ్చే అనుమతి) రాష్ట్రాల రవాణా శాఖల చేతిలో ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలను మేము కోరేది ఇది. ప్రతి షోరూమ్‌లో గోడ మీద, ప్రతి మోడల్‌కూ ఆన్‌రోడ్ ధరను తెలుగులో పెట్టించాలి. తప్పనిసరివి ఒక పక్క, ఇష్టమైతే తీసుకునేవి ఇంకో పక్క. కొటేషన్ కూడా అదే పద్ధతిలో ఉండాలి. తాత్కాలిక రిజిస్ట్రేషన్ షోరూమ్ నుంచే ఆన్‌లైన్‌లో జరుగుతోంది కాబట్టి, ఇన్వాయిస్‌తో పాటు కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు అక్కడే ఎక్కించమనడం కష్టమేం కాదు. ట్రేడ్ సర్టిఫికెట్ పునరుద్ధరించేటప్పుడు ఆ రసీదులు తిరగేయాలి. ఇప్పుడున్న నిబంధనల కింద అంత అధికారం లేదంటే, సవరించమని కేంద్రాన్ని అడగాలి. వచ్చే దసరా సీజన్‌కు ముందే ఈ పని మొదలవ్వాలి.

ఈలోపు ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లకు ఒక మాట. ఫ్లెక్సీ ఫొటో, కొటేషన్, రసీదులు, వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ మెసేజ్ ఏదీ పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. షోరూమ్ ఎక్కడున్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.