మళ్లీ పచ్చబడిన సరస్సు

ఎండలు ముదిరాయి. సరస్సు మళ్లీ పచ్చటి గుజ్జులా మారింది. కిటికీ తెరిస్తే కుళ్లు వాసన. నీటి ఒడ్డున ఇల్లు దొరకడం అదృష్టమని చూసినవాళ్లంతా అంటారు. ఆ ఒడ్డు వైపు తలుపులు మూసుకుని మేము రోజులు వెళ్లదీస్తున్నాం.

నాకు ఒళ్లు మండేది వాసనకు కాదు, "ఎండాకాలం నీళ్లు ఇలాగే ఉంటాయి" అని తేల్చేసే మాటకు. ఎండ ఒక్కటే కారణమా? పొలాల్లో అవసరానికి మించి చల్లిన ఎరువు, పశువుల పేడ వాననీటితో కొట్టుకొచ్చి చేరేది ఇక్కడికే. కెనడాలో 1973లో శాస్త్రవేత్తలు ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విడదీశారు. రెండు వైపులా నత్రజని, కర్బనం వేశారు, ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే నాచుతో పచ్చబడింది. మన ఎరువులోనూ పేడలోనూ ఆ భాస్వరం ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం ఎండనే తిడుతున్నాం!

ఈ నాచులో కొన్ని రకాలు విషాన్ని విడుదల చేస్తాయి, నీళ్లు కాచినా అది పోదు. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తరిగిపోతుంది. నిన్న పొద్దున ఒడ్డున చచ్చిన చేపలను ఏరుతుంటే ఏడుపు ఆగలేదు.

నేనూ రైతునే, ఎరువు మానేయమని అనను. గట్టు వెంట కొంత గడ్డి వదలండి, వాన కమ్ముకొస్తుంటే చల్లకండి అని మాత్రమే అడుగుతున్నాను. ఇంత చిన్న ఊళ్లో ఆ మాట అన్నందుకే పలకరింపులు ఆగిపోయాయి.