కారు మీదే, ప్యాడ్లు మీవా?

అయినదానికీ కానిదానికీ కమిటీలు వేసే దేశంలో, వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గర సొంతంగా మార్చుకునేవాళ్ల సంగతి తేల్చడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకడం లేదు. ఇది క్షమించరాని అలసత్వం. చాపకింద నీరులా పాకుతున్న ఈ అలవాటును ఇప్పుడే తుంచకపోతే రేపు జనం ఏసీ ఫిల్టరు కూడా తామే మార్చుకుంటారు. ఆ తర్వాత దేశం ఎటు పోతుందో ఊహించుకోండి.

నిజానికి మొన్నమొన్నటి దాకా ఈ బెడద లేదు. మన చిన్న కార్లకు వెనక డ్రమ్ము బ్రేకులే ఉండేవి, చాలావాటికి ఇప్పటికీ అవే. డ్రమ్ము ఊడదీస్తే లోపల లైనర్లు, స్ప్రింగులు, అడ్జస్టరు. ఏది ఎక్కడ తగిలించి ఉందో ముందే ఫోటో తీసుకోకపోతే గోవిందా. ఒక్క స్ప్రింగు ఎగిరి పక్కవాడి కారు కిందికి పోయిందంటే ఆ మనిషి మళ్లీ జన్మలో పానా పట్టడు. ఇంజనీర్లు తెలిసి కట్టారో తెలియక కట్టారో గానీ మంచి కంచె అది. కంపెనీలే దాన్ని పీకేశాయి. టాప్ వేరియంట్ అంటూ వెనక కూడా డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లాన్ని ప్యాడ్లు నొక్కిపట్టే బ్రేకులు, బిగించాయి. షోరూములో "నాలుగూ డిస్కులే సార్" అనగానే మురిసిపోయి, అడిగినంత పోసి కొన్నాం. కొన్నది ఎదురింటివాళ్లకు చెప్పుకోవడానికి. చక్రం విప్పి చూసుకోవడానికి కాదు.

చక్రం విప్పితే ఏం కనిపిస్తుందో తెలుసా? ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే కాలిపర్, దాని వెనకవైపు రెండు బోల్టులు. చాలా కార్లలో ఆ రెండూ తీస్తే ప్యాడ్లు చేతికొచ్చేస్తాయి. ఇంత రహస్యాన్ని ఇంత బయటపెట్టి ఉంచడం ఏం పద్ధతి?

సర్వీస్ సెంటర్లో వ్యవహారం ఎంత మర్యాదగా నడుస్తుందో చూడండి. మనం ఆఫీసు మీటింగులో ఉండగా ఫోను వస్తుంది. "వెనక ప్యాడ్లు ఇరవై శాతమే ఉన్నాయి సార్, మార్చేయమంటారా?" అంటారు. దేనిలో ఇరవై శాతం అని అడగకూడదు, అది సంస్కారం కాదు. సాయంత్రానికి బిల్లు వస్తుంది. ప్యాడ్లు, లేబరు, బ్రేక్ క్లీనింగ్, డిస్క్ స్కిమ్మింగ్, కన్స్యూమబుల్స్. ఈ కన్స్యూమబుల్స్ అంటే ఏమిటని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ప్రసాదంలో ఏమేం వేశారని పూజారిని అడుగుతామా? కళ్లకద్దుకుని కార్డు గీకి వస్తాం.

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఆయనకు ఈ భక్తి లేదు. శాతం మాట వినగానే స్టీలు స్కేలు తీసుకుని సెల్లార్‌లోకి దిగాడు. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్ల దరిదాపుల్లోకి వచ్చాక మార్చాలట, తన కారుకు ఇంకా ఐదు ఉందట. పైగా బానెట్ ఎత్తి నాకు పాఠం చెప్పాడు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గడం సహజమట. ప్రతి సర్వీసులోనూ దాన్ని నింపుకుంటూ పోతే, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు, ప్యాడ్లను తోసే పిస్టన్‌ను వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుందట. పెయింటును తినేస్తుందట. ఇన్ని తెలిసిన మనిషి అపార్ట్‌మెంటులో ఉండటం ఎవరికి క్షేమం?

ఖజానాకు జరిగే నష్టం మాటేమిటి? విడిభాగాల మీద 28 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దించారు. ప్యాడ్ల డబ్బా మీద అది కడుతున్నాడు, ఒప్పుకుంటాను. కానీ కూలీ? ఆదివారం పూటంతా చెమటోడ్చి, తన కూలీ తానే ఎగ్గొట్టుకుని, దాని మీద కట్టాల్సిన 18 శాతం ప్రభుత్వానికి ఎగ్గొడుతున్నాడు. ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉంటే రోడ్ల గుంతలు ఎవరు పూడుస్తారు? ఇప్పుడు పూడుస్తున్నారా అనకండి, అది వేరే చర్చ.

ఇక ఆయన పనిచేసే తీరు చూస్తే అనుమానం బలపడుతుంది. కారును ఫస్ట్ గేర్లో పెట్టి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు అడ్డం వేసి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాడు. బ్రేకు బాగుచేయడానికి ఉన్న బ్రేకు తీసేయడమేమిటని నిలదీశాను. హ్యాండ్ బ్రేకు పట్టేది ఈ వెనక ప్యాడ్లనే, అది పట్టి ఉంటే కాలిపర్ కదలదన్నాడు. అడిగినదానికి సమాధానం చెప్పగలగడమే వీళ్ల మీద నా ప్రధాన ఆరోపణ. జాకీతో లేపాక కింద ఇనప స్టాండు పెట్టాడు. ఇటుకలు పెట్టమని వాచ్‌మన్ ఎంతో ప్రేమగా తెచ్చిచ్చినా, బరువుకు ఇటుక పగులుతుందని వద్దన్నాడు. మన సంప్రదాయాల మీద ఈ తరానికి నమ్మకం లేదు.

దగ్గరకెళ్లి చూశాను. వెనక పిస్టన్ ముందుదానిలా నున్నగా ఉండదు, ముఖం మీద గాడులు ఉంటాయి. లోపల హ్యాండ్ బ్రేకు కోసం స్క్రూ మర ఉంటుంది కాబట్టి ఊరికే నొక్కితే పోదు, నొక్కుతూ తిప్పాలి. తిప్పడానికి ఓ చిన్న టూలు. తిప్పడం అయ్యాక, కొత్త ప్యాడ్ వీపు మీద ఉన్న బుడిపె సరిగ్గా గాడిలో కూర్చునేలా పిస్టన్‌ను వెలుగులో చూసి సర్దాడు. కాలిపర్ గొట్టం మీద వేలాడకుండా తీగతో స్ప్రింగుకు కట్టాడు. దుమ్మును ఫూ అని ఊదకుండా క్లీనర్ కొట్టి తుడిచాడు. ఊదితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మన షెడ్లలో కుర్రాళ్లు రోజూ ఊదుతున్నారు, ఎవరైనా ఏమైనా అన్నారా?

అందరూ ఇలా ఉండరు, అదొక్కటే ఊరట. సగం వీడియో చూసి రంగంలోకి దిగే మహానుభావులున్నారు. ముందు చక్రాల పిస్టన్‌ను నొక్కినట్టే వెనకదాన్నీ సి-క్లాంపుతో నొక్కి మర విరగ్గొడతారు. స్విచ్చు నొక్కితే మోటారే హ్యాండ్ బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న కారును సర్వీస్ మోడ్‌లో పెట్టకుండానే బలప్రయోగం చేసి మోటారును చంపుతారు. అంతా బిగించాక పెడల్ నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడకుండా రివర్స్ వేసి, పెడల్ నేలకంటుతుంటే కళ్లు తేలేస్తారు. చివరికి కారు టోయింగ్ బండెక్కి సర్వీస్ సెంటర్‌కే చేరుతుంది. పరిశ్రమ నాలుగు కాలాలు చల్లగా ఉండాలని కోరుకునేవాళ్లు వీళ్లకు ఏటా సన్మానం చేయాలి. ప్రమాదమల్లా మాన్యువల్ చదివేవాళ్లతోనే.

ఈ తెగింపు వీళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పైనుంచే. విడిభాగాలు, స్కానర్లు బయటి మెకానిక్కులకు దొరకనివ్వడం లేదని వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ గొడవ తర్వాత ట్రిబ్యునళ్లు, కోర్టుల దారి పట్టింది కాబట్టి కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. అంతటితో ఆగారా? వస్తువు కొన్నవాడికి బాగుచేసుకునే హక్కు ఉందంటూ 2022 డిసెంబర్ 24న కేంద్రం ఓ పోర్టల్ కూడా తెరిచింది. అందులో కార్లూ ఉన్నాయి. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

కంపెనీలు మాత్రం తెలివైనవి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న కొత్త కార్లలో వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు కారునే అనుమతి అడగాలి. స్కానర్ తగిలించో, స్విచ్చూ పెడలూ కలిపి ఏదో వరసలో నొక్కో సర్వీస్ మోడ్ తెప్పించాలి. అప్పుడు అది లోపల గుర్రుమని మోటారు వెనక్కి తిప్పుకుంటే పని మొదలుపెట్టుకోవచ్చు. తహసీల్దారు ఆఫీసులో తిరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నా సూచన ఒక్కటే: ఆ అనుమతికి ఆధార్, ఓటీపీ, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కూడా కలపండి.

అప్పటిదాకా ఆగలేక అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. సెల్లార్‌లో చక్రాలు విప్పడం నిషేధించాలని, జాకీ స్టాండ్లను ఆయుధాల కింద లెక్కించాలని కోరాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలూ ఓపిగ్గా చదివారు. చదివాక, ఆ తిప్పే టూలు మూడో అంతస్తు ఆయన ఒక పూటకు అరువిస్తాడేమో కనుక్కోమన్నారు.