గుంపుకి తిండి ఎక్కడిది?
అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులో జనాన్ని ఎత్తుకుపోయే 'అడవి మనుషులు' ఉన్నారని ఒక పుకారు ఉంది. దీనికి ఊపిరి పోసింది 1969 జూన్‌లో ఆ పార్కులోనే స్పెన్స్ ఫీల్డ్ అనే చోట ఆరేళ్ల డెన్నిస్ మార్టిన్ కనిపించకుండా పోవడం. ఆ రోజే కుండపోత వాన. అడుగుజాడలన్నీ కొట్టుకుపోయాయి. కొన్ని మైళ్ల అవతల ఒక కుటుంబం కేక విన్నామని, మాసిన మనిషెవడో కనిపించాడని చెప్పింది. అంతే, చెప్పగా చెప్పగా ఆ ఒక్కడూ గుంపయ్యాడు, గుంపు కాస్తా నరమాంస భక్షకులైంది!

నాకు మాత్రం తిండి దగ్గరే అనుమానం. అమెరికాలోనే మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో క్రిస్టఫర్ నైట్ అనే ఆయన 1986 నుంచి 2013 దాకా అడవిలో ఒంటరిగా దాక్కున్నాడు. పొగ కనబడితే దొరికిపోతానని గడ్డకట్టే చలిలోనూ మంట వెయ్యలేదు, కొట్టుకొచ్చిన గ్యాస్ సిలిండర్లతోనే వండుకుని, మంచు కరిగించుకున్నాడు. అంతటి జాగ్రత్తపరుడు కూడా వేటాడి బతకలేదు. చుట్టుపక్కల విడిది ఇళ్లలో సుమారు వెయ్యి దొంగతనాలు చేశాడు, చివరికి తిండి కోసం ఒక క్యాంపులో దూరే పట్టుబడ్డాడు. ఒక్క మనిషికే అంత కావాలంటే, ఏటా కోటి మందికి పైగా తిరిగే పార్కులో ఓ గుంపు ఎవరి కంటా పడకుండా ఏం తింటున్నట్టు? అక్కడ ఎలుగుబంటి చెత్తడబ్బా కెలికితేనే రేంజర్లు వాలిపోతారు కదండీ.