కొళాయి డాట్ భారత్

నాలుగు రోజులుగా నేను లిఫ్టు ఎక్కడం లేదు. ఉండేది మూడో అంతస్తు, ఎడమ మోకాలు నొప్పి, పైగా బెజవాడ ఎండలు. అయినా మెట్లే. లిఫ్టులో అయితే ఎవరో ఒకరు తగులుతారు. నవ్వు పెదాల కింద దాచుకుని "ఏవండీ ఎక్స్ ఎన్ గారూ, బాగున్నారా?" అంటారు. బాగానే ఉన్నానని చెప్పడానికి మనసొప్పదు.

దీనికంతటికీ కారణం మా మేనల్లుడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. నేను ఎనిమిదేళ్లుగా బ్లాగ్‌స్పాట్‌లో పైసా ఖర్చు లేకుండా నా పాత ముచ్చట్లేవో రాసుకుంటున్నాను. చదివేవాళ్లు పదిమంది ఉంటారు. అందులో నేనొకణ్ణి, మా ఆవిడ లేదు. సంక్రాంతికి వచ్చినవాడు అరిసె కొరుకుతూ నా ల్యాప్‌టాప్ చూసి, "మావయ్యా, ఇంకా అద్దెకొంపేనా? నెట్‌లో సొంత అడ్రసు తీసుకోవా?" అన్నాడు. ఇరవై రెండేళ్లు అద్దె ఇళ్లల్లో ఉండి, రిటైరయ్యే ముందు పటమటలో ఫ్లాటు కొనుక్కున్నవాణ్ణి. అద్దెకొంప అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"తెలుగులో రాసేవాడివి, అడ్రసు కూడా తెలుగులోనే తీసుకో. డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే ఇస్తున్నారు" అన్నది కూడా వాడే. వాడి సొంత సైటు మాత్రం ఇంగ్లీషు పేరుతో డాట్ ఇన్‌లో ఉందని నాకు మొన్ననే తెలిసింది.

పేరు 'కొళాయి' అని పెట్టాను. సత్యనారాయణపురంలో మా చిన్నప్పుడు వీధి చివర మునిసిపాలిటీ కొళాయి ఉండేది. నీళ్లు వచ్చేది గంటసేపు, కబుర్లు సాగేది రెండు గంటలు. ఎవరింట్లో పెళ్లిచూపులు, ఎవరింట్లో తగాదా, అన్నీ బిందెల వరసలోనే తెలిసేవి. నా బ్లాగు పనీ అంతే కదా అనుకున్నాను. ఈ పేరు ఇంకెలా అర్థమవుతుందో ఆలోచించలేదు.

అడ్రసు ఖరీదు మొదటి ఏడాదికి 199 రూపాయలన్నారు. కొనే చోటికి వెళ్తే హోటల్లో ఒక్క ఇడ్లీ అడిగితే వడ, ఉప్మా, పెసరట్టు కూడా తెచ్చి ముందు పెట్టినట్టుంది వ్యవహారం. మెయిలు, బ్యాకప్, సైటు పెట్టుకోవడానికి మూడేళ్ల చోటు, అడ్రసు పక్కన తాళం బొమ్మ రావడానికి సర్టిఫికెట్, అన్నిటికీ ముందే టిక్కులు కొట్టి ఉన్నాయి. 18 శాతం జీఎస్‌టీతో కలిపి 5,074 అయింది. ఆ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఊరికే ఇస్తుందని మేనల్లుడు డబ్బు కట్టాక చెప్పాడు. కస్టమర్ కేర్ చాట్‌లో అడిగితే, "మీ సహనానికి ధన్యవాదాలు" అని వచ్చింది. నేను ఏ మాత్రం సహనం చూపించలేదు. కావాలంటే ఆ చాట్ ఇప్పటికీ ఉంది.

సైటు ఎలా తయారైందో చెప్పను. అయింది.

ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వార్షికోత్సవం. సెల్లార్లో కార్లు తీయించి, కుర్చీలు వేయించి, చివర్లో లక్కీ డిప్ పెట్టారు. ఫ్లాటుకొక టోకెను, దాని మీద ఫ్లాటు నంబరు. బహుమతి ఒక మిక్సీ. దానికి ముందే సెక్రటరీ గారు ఉదారంగా, "మన బిల్డింగులో రచయిత ఉన్నాడంటే మాకూ గొప్పే కదండీ, మీ పేరు మీద ఒక ఫ్లెక్సీ వేయిద్దాం, అడ్రసు వాట్సాప్ చెయ్యండి" అన్నారు. బ్రౌజరు పైన 'కొళాయి.భారత్' అని ముత్యాల్లా ఉంది. కాపీ చేశాను, అతికించాను, పంపాను. కళ్లజోడు టీవీ మీద ఉంది. ఏం పంపానో చూడలేదు. ఏలూరు రోడ్డులో ఫ్లెక్సీ షాపువాడు చూశాడు గానీ, వాడు పంపింది పంపినట్టు వేసే రకం. పోయినేడాది మా వినాయకచవితి ఫ్లెక్సీలో స్వామివారి పాదాల దగ్గర 'రేపు పొద్దున కావాలి అర్జంటు' అని కూడా వేశాడు.

సభ మొదలైంది. వ్యాఖ్యానం ఏడు ఏ తెలుగు మాస్టారిది. గుంటూరు హైస్కూల్లో ముప్పై ఏళ్లు పద్యాలు చెప్పిన గొంతు. మైకు అవసరం లేకపోయినా మైకు వదలరు. ఇంకో అలవాటేమిటంటే, కంటికి కనిపించిన ప్రతి అక్షరం పైకి చదవాల్సిందే. ఒకసారి పెళ్లిలో వంటవాళ్ల సామాను జాబితా కూడా చదివేశారు. ఆయన నా ఫ్లెక్సీ వైపు తిరిగి, శాలువాతో ఉన్న నా ఫొటోకి నమస్కారం పెట్టి, "వీరి అంతర్జాల చిరునామా" అని గుక్క తిప్పుకున్నారు.

"ఎక్స్... ఎన్... గీత... గీత..."

డాష్ అనడం ఆయనకి ఇష్టం ఉండదు. నాలుగు ఏ వాళ్లమ్మాయి పేరు గీత. పాపం రెండుసార్లు పిలిచారు కదా అని లేచి నిలబడింది.

"జెడ్... ఓ... సీ..." అన్నారు మాస్టారు, సీసపద్యం ఎత్తుకున్నట్టు, "ఆరు సీ..."

వెనక వరసలో కేక. ఆరు సీ వాళ్లు టోకెను పైకెత్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అసలు ఆ ఫ్లెక్సీ మీద ఏముందో చెప్పాలి. నెట్‌లో పేర్ల పద్ధతి 1983లో పెట్టారట. దానికి తెలిసిందల్లా ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10, ఒక అడ్డగీత. తెలుగు దానికి రాదు. నేర్చుకునే ఉద్దేశమూ ఉన్నట్టు లేదు. అందుకని 2003లో ప్యూనీకోడ్ అని ఒక ఉపాయం తెచ్చారు. మన పేరును ఆ 37 గుర్తుల్లోకే తిప్పి రాసి, ముందు ఎక్స్ ఎన్ అని రెండు గీతలు తగిలిస్తుంది. కొళాయి మనకి మూడక్షరాలు. కంప్యూటరుకి ఆరు: క, ఒత్వం, ళ, దీర్ఘం, య, గుడి. ఆ ఆరింటినీ రుబ్బి పదకొండు చేస్తుంది. బ్రౌజరు మన మొహం చూసి పైకి తెలుగు చూపిస్తుంది గానీ, కాపీ చేస్తే లోపలి సరుకు బయటపడుతుంది. అంటే తెలుగు అడ్రసని చెప్పి 199 రూపాయలకి నాకు అమ్మింది ఇంగ్లీషు అడ్రసుకి కట్టిన పట్టుపంచె.

ఇదంతా నాకు సోమవారం తెలిసింది. ఆదివారం సాయంత్రం తెలిసిందల్లా మాస్టారు ఆగడం లేదని.

"ఎల్... ఎనిమిది బీ..."

ఎనిమిది బీ ఆవిడ చంకలో పిల్లాడితో సహా స్టేజీ వైపు బయల్దేరింది.

"జీ... ఆరు డీ..."

ఆరు సీ, ఆరు డీ ఎదురెదురు ఫ్లాట్లు. చెప్పుల స్టాండు గొడవ మీద రెండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరూ ఒకేసారి స్టేజీ మెట్ల దగ్గరికి చేరారు. నేను కుర్చీలోంచి లేచి "మాస్టారూ, చాలు" అన్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను వారించారు. పద్యం మధ్యలో ఆపితే దోషం కాబోలు. "చుక్క" అని, మళ్లీ "ఎక్స్ ఎన్ గీత గీత" అందుకున్నారు. అప్పుడే కూర్చున్న గీత మళ్లీ లేచింది.

"ఎఫ్ పీ సీ ఆర్ జే... తొమ్మిది సీ... మూడు డీ!"

'మూడు డీ' దగ్గర గొంతు తారస్థాయికి వెళ్లింది. చప్పట్లు కూడా పడ్డాయి. మూడు డీ మా ఎదురింటివాళ్లు. ఇలా మిక్సీ ఒకటి, గెలిచినవాళ్లు ఐదుగురు, కారణం లేకుండా నిలబడిన అమ్మాయి ఒకతి.

మైకు నాకిచ్చారు. "ఇది లక్కీ డిప్ కాదండీ, నా సైటు పేరు, కొళాయి అని..." అన్నాను. ఎనిమిది బీ ఆవిడ ఓపిగ్గా విని, "అయితే మాకు మిక్సీ లేదా?" అంది. ఆరు సీ ఆయన, "మీ సైటు గొడవకి మా టోకెన్లు ఎందుకండీ వాడుకున్నారు?" అన్నాడు. ఆరు డీ ఆయన "అవును, అదే కదా" అన్నాడు. రెండేళ్ల తర్వాత ఆ రెండు ఫ్లాట్లూ ఒక మాట మీద నిలబడ్డాయి. ఆ సంగతి ఎవరూ గుర్తించలేదు. మా ఆవిడ అప్పటికే మెట్లెక్కి ఇంటికి వెళ్లిపోయింది. చివరికి మిక్సీ 'ఒకటి సీ' ఫ్లాటుకి తగిలింది. వాళ్లు ఊళ్లోనే లేరు.

రాత్రి మేనల్లుడికి ఫోన్ చేసి వరసగా పది నిమిషాలు తిట్టాను. అంతా విని, "మావయ్యా, ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందేమో చూసుకో, రెండో ఏడాది నుంచి 199 ఉండదు" అన్నాడు.

ఇదంతా జరిగాక కూడా సైటు చూసింది ఒకే ఒక్కరు, తొమ్మిది సీ ఆయన. పై అంతస్తు కదా, ట్యాంకులో నీళ్లు తగ్గితే మొదట ఆగేది వాళ్లకే. బ్యారేజీ మీద నిలబడితే కనుచూపు మేరా కృష్ణమ్మే, తొమ్మిది సీలో పంపు తిప్పితే గాలి. ఇవాళ తెల్లవారి ఐదున్నరకి ఫోన్ చేశాడు. సైటు చూశానన్నాడు. నా గుండె కాస్త ఉబ్బింది.

"కొళాయి అని పెట్టారు కదండీ, కంప్లయింట్లు అందులోనే రాయాలా, మీకు ఫోన్‌లో చెప్తే చాలా? రాత్రి నుంచి మాకు చుక్క నీళ్లు లేవు."

కిందికి వెళ్లి మోటారు వేసి వచ్చాను. మెట్ల మీదుగానే.