సర్టిఫికెట్ గోడకు, ఫార్మసిస్టు ఎక్కడ?

వైద్యుడి చీటీ లేనిదే యాంటీబయోటిక్ అమ్మరాదని నిబంధనలు ఘోషిస్తున్నా, గొంతునొప్పి అంటూ మందుల షాపు మెట్లెక్కినవారికి అడిగిందే తడవుగా మాత్రలు దొరకడం మన ఊళ్లలో నిత్యకృత్యం. కౌంటర్ దగ్గరి కుర్రాడు షీటును కత్తెరతో కత్తిరించి, ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అంటూ కవరులో వేసి ఇస్తాడు. గడువు తేదీ ఉన్న ముక్క తరచూ షాపులోనే మిగిలిపోతుంది. అయిదు రోజులు వాడాల్సిన మందును రెండు రోజులకే కొని, నెమ్మదించగానే మానేసే రోగిని వారించవలసిన ఫార్మసిస్టు అక్కడ ఉండడు. ఆయన సర్టిఫికెట్ మాత్రం గోడకు వేలాడుతుంటుంది.

వైద్యుడు రాసిన మందులను నమోదిత ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ నిర్దేశిస్తోంది. 2014 మార్చి నుంచి అమలవుతున్న హెచ్1 షెడ్యూలు (కొన్ని యాంటీబయోటిక్‌లు, క్షయ మందుల వంటి కట్టడి అవసరమైన వాటి జాబితా) మందులకైతే రోగి పేరు, వైద్యుడి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ఇవి కాగితాలకే పరిమితమైనంత కాలం, మందులు రాసే అధికారాన్ని ఫార్మసిస్టులకు ఇవ్వాలన్న వాదన ఎంత సహేతుకమైనా ప్రమాదకరమే.

ఆ వాదనలో బలం లేదనలేం. శిక్షణ పొందిన ఫార్మసిస్టులు బ్రిటన్‌లో 2006 నుంచి స్వతంత్రంగా మందులు రాస్తున్నారు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న మొదలైన ‘ఫార్మసీ ఫస్ట్’ పథకం కింద గొంతునొప్పి, చెవిపోటు, సైనసైటిస్, మహిళల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటి ఏడు సమస్యలకు ఫార్మసిస్టే చికిత్స అందిస్తున్నాడు. అయితే ఎవరికి ఇవ్వాలో, ఎవరిని వైద్యుడి వద్దకు పంపాలో చెప్పే లిఖిత నియమావళి అక్కడ ఉంది. ఇచ్చిన మందు వివరం రోగి వైద్యుడికి చేరుతుంది. ఛాతీనొప్పిని గ్యాస్‌గా పొరబడితే ప్రాణం పోతుందన్న మన వైద్యుల ఆందోళనకు అటువంటి కట్టుదిట్టమే సమాధానం. మందు రాసేవాడే అమ్ముకునేవాడైతే, అమ్మకాలు పెంచమనే యజమాని ఒత్తిడి నుంచి అతడిని కాపాడటం అంతకన్నా కష్టమైన పని.

2008లో ప్రవేశపెట్టిన ఆరేళ్ల ఫార్మ్‌-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సులో విద్యార్థులు ఆసుపత్రి వార్డుల్లో తర్ఫీదు పొందుతారు. ఆ చదువుకు తగిన బాధ్యత మందుల షాపుల్లో వారికి దక్కడం లేదు. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉన్న రోగులకు, వైద్యుడు ముందే నిర్ణయించిన గడువు వరకు, బీపీ, షుగర్ పరీక్షించి పాత మందులనే కొనసాగించే అధికారాన్ని తొలుత వీరికివ్వాలి. యాంటీబయోటిక్‌లను ఆ పరిధిలోకి తేకూడదు. అంతకన్నా ముందు, ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు లైసెన్సుతో సరిపెట్టుకోక, అందులో పేరున్న ఫార్మసిస్టును పిలిపించి హెచ్1 రిజిస్టరును అతడి ఎదుటే పరిశీలించాలి. అతడు లేని షాపులో చీటీ మందుల అమ్మకాన్ని అక్కడికక్కడే ఆపించాలి.