‘కార్డు కొనేటప్పుడు జీబీ చూస్తే చాలు’: ఎవరు చెప్పారండీ?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇంట్లో సొంతంగా గేమింగ్ పీసీ కట్టుకునేవాళ్లకు సలహా అట. అందులో ఉన్నది ఇదీ: గ్రాఫిక్స్ కార్డుకు జీబీ ఎంత ఎక్కువుంటే గేమ్ అంత స్పీడు. కార్డు ఏ మదర్‌బోర్డులోనైనా పనిచేస్తుంది. కేబినెట్‌తో వచ్చే 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే డబ్బా) సరిపోతుంది. మన కోస్తా ఉక్కకు ఏసీ గానీ లిక్విడ్ కూలర్ గానీ లేకపోతే కార్డు కాలిపోతుంది. ఐ7 ప్రాసెసర్ లేకపోతే పెట్టిన డబ్బంతా దండగ. చివర్లో ‘మనవాళ్లందరికీ పంపండి’ అని మామూలే. పంపుతున్నారు కూడా. నవ్వి ఊరుకోవచ్చు గానీ, దీన్ని నమ్మి నాన్న చేత వేలకు వేలు పెట్టించే ఇంటర్ పిల్లలు ఉన్నారు.

ముందు జీబీ సంగతి. కార్డు మీది మెమరీ గేమ్ బొమ్మల సమాచారం దాచుకునే చోటు మాత్రమే. లెక్క కట్టి బొమ్మ గీసేది చిప్పు. ఆ రెంటి మధ్య దారి ఎంత వెడల్పన్నది మరో సంగతి. చెరువు ఎంత పెద్దదైనా, చేలోకి ఎన్ని నీళ్లు పారతాయన్నది తూమును బట్టే ఉంటుంది.

జీటీ 1030 అనే కార్డునే చూడండి. దాన్ని రెండు రకాలుగా అమ్మారు. రెండింటికీ 2 జీబీయే. ఒకదానిలో జీడీడీఆర్5 మెమరీ ఉంది, అది సెకనుకు 48 జీబీ డేటా అందిస్తుంది. 2018లో వచ్చిన రెండోదానిలో డీడీఆర్4 పెట్టారు, అది 16.8 జీబీ దగ్గరే ఆగిపోతుంది. పేరు అదే, జీబీ అదే, దారి మాత్రం మూడో వంతు. ఆర్‌టీఎక్స్ 3060దీ ఇలాంటి కథే. 12 జీబీ రకానికి 192 బిట్ల బస్సు (అంటే ఆ దారి వెడల్పు), సెకనుకు 360 జీబీ. తర్వాత వచ్చిన 8 జీబీ రకానికి 128 బిట్లు, 240 జీబీ. ఇక్కడ తగ్గింది మెమరీ మాత్రమే అనుకుని కొన్నవాళ్లున్నారు. ఇంకో పక్క 8 జీబీ ఉన్న 3060 టీఐ చాలా గేమ్‌లలో 12 జీబీ 3060ని దాటేస్తుంది. మెసేజ్ రాసినాయన లెక్కలో అదే తక్కువరకం కార్డు!

అలాగని జీబీకి విలువే లేదని కాదు. 4060 టీఐ 8 జీబీలోనూ 16 జీబీలోనూ వచ్చింది, చిప్పు ఒకటే. మామూలు 1080పీ (ఫుల్ హెచ్‌డీ) స్క్రీన్ మీద ఆడితే చాలా గేమ్‌లలో రెంటికీ తేడా కనబడదు. కొత్త గేమ్‌లో టెక్స్చర్లు (బొమ్మల పైపూత నాణ్యత) పైకి పెట్టి 8 జీబీ నిండిపోయిందంటే మాత్రం చిన్నది తడబడుతుంది, పెద్దది నిలబడుతుంది. అంటే సరిపడా ఉండాలి. సరిపడా ఉన్నాక మిగిలింది ఖాళీగా పడి ఉంటుంది, స్పీడు పెంచదు.

జీబీ ఒక్కటే చూసేవాళ్లను మోసం చేయడం కూడా తేలిక. పాత చిప్పు బయోస్ (కార్డు తన పేరు, వివరాలు చెప్పుకునే లోపలి ప్రోగ్రామ్) మార్చేసి ‘జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ’ అని అమ్మే నకిలీ కార్డులు ఆన్‌లైన్‌లో చాలాకాలం తిరిగాయి. వెనక నీలం రంగు వీజీఏ పోర్టు కనబడితే అనుమానించండి. 1050 టీఐ తరం చిప్పుల్లోంచి, వాటిని చేసే ఎన్విడియా కంపెనీ వీజీఏకు కావలసిన అనలాగ్ అవుట్‌పుట్ తీసేసింది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి నకిలీలను చాలావరకు పట్టేస్తుంది.

ఏ బోర్డులోనైనా పనిచేస్తుందన్న మాట సగం నిజం. బోర్డు మీద పొడవాటి పీసీఐఈ స్లాటు (కార్డు గుచ్చే గాడి) ఉంటే కార్డు దూరుతుంది, పాత కొత్త తరాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి. నడవడం వేరు, పూర్తిగా పనిచేయడం వేరు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు ఉన్నవి నాలుగే లేన్లు (బోర్డుతో డేటా నడిచే దారులు). నాలుగో తరం పీసీఐఈ బోర్డులో ఫర్వాలేదు, మూడో తరం బోర్డులో పెడితే దారి సగమైపోయి, దాని 4 జీబీ నిండిన గేమ్‌లలో బాగా దెబ్బతింటుంది. చవగ్గా 12 జీబీ వస్తోందని ఇంటెల్ ఆర్క్ బీ580 మీద కన్నేసినవాళ్లు ఒకటి చూసుకోవాలి. దానికి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునేది) బోర్డులో ఉండాలి. పాత నాలుగో తరం, ఆరో తరం ఐ5 మెషీన్లలో (ఈ తరం ప్రాసెసర్‌ది, పీసీఐఈది కాదు) మామూలుగా అది ఉండదు, కార్డు పూర్తి బలం చూపలేక ఈడుస్తుంది.

మన వైపు చాలామంది మొదలుపెట్టేది అలాంటి మెషీన్లతోనే. ఆఫీసుల్లో వాడేసిన బ్రాండెడ్ డబ్బాలు హైదరాబాద్ నుంచి వస్తాయి, రేటు బాగుంటుంది. వాటిలో సన్న రకానికి సగం ఎత్తు కార్డే పడుతుంది. ఎస్ఎంపీఎస్ చిన్నది, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే వైరు చాలా వాటిలో ఉండదు, కంపెనీ సొంత ప్లగ్గులు కావడంతో బజారులో దొరికే ఎస్ఎంపీఎస్ అతకదు. అక్కడ స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే జీటీఎక్స్ 1650 లాంటిదే దిక్కు. 1650లో కూడా విడిగా కరెంటు వైరు అడిగే మోడళ్లున్నాయి, బొమ్మ చూసి కొనండి. పెద్ద కేబినెట్ ఉన్నవాళ్లు టేపు పెట్టి లోపలి పొడవు కొలుచుకోవాలి. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని ముప్పై సెంటీమీటర్లు దాటతాయి.

ఇక ఎస్ఎంపీఎస్. మిగతా సలహాలతో డబ్బు పోతుంది, దీనితో మెషీనే పోతుంది. 450 వాట్లన్నది స్టిక్కర్ మీది మాట. పక్కనే చిన్న పట్టీ ఉంటుంది, అందులో 12 ఓల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 16 అని ఉంటే 12తో గుణించండి, 192 వాట్లు. ప్రాసెసరూ కార్డూ తినేది ఆ 192లోంచే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్ల కార్డు. ఎన్విడియా దానికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ పెట్టమంటోంది ఊరికే కాదు, గేమ్ మధ్యలో కార్డు క్షణకాలం ఆ 170కి మించి లాగుతుంది. 4060 అయితే 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది, అందుకే తక్కువ కరెంటు ఇళ్లకు నేను దాన్నే చెబుతాను. హార్డ్‌డిస్కు వైర్లకు అడాప్టర్ తగిలించి కార్డుకు ఇవ్వడం మాత్రం దయచేసి వద్దు. ఎనిమిది పిన్నుల ప్లగ్గులో 150 వాట్ల దాకా పారాలి, ఆ సన్న వైర్లు అందుకు కావు.

ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల దగ్గర ఇళ్లున్నవాళ్లకు రాత్రిపూట ఓల్టేజీ పడిపోవడం గురించి వేరే చెప్పాలా? ఎస్ఎంపీఎస్ వెనక 115, 230 అని ఎర్ర స్విచ్చు ఉంటే అది పాతరకం. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సరిగ్గా లాగేలా చూసే సర్క్యూట్) ఉన్న మంచి రకాలకు ఆ స్విచ్చు ఉండదు, వాటిలో చాలావరకు 100 నుంచి 240 ఓల్టుల దాకా ఎంత వచ్చినా సర్దుకుంటాయి, స్టిక్కర్ మీద చూసుకోండి. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఏసీ సంగతి. ఉక్కలో మనకు చెమట ఆరదు కాబట్టి ప్రాణం పోతుంది. కార్డుకు చెమటే లేదు, దానికి కావలసింది గాలి కదలడం. గది పది డిగ్రీలు వేడెక్కితే కార్డు కూడా ఇంచుమించు పది డిగ్రీలు పెరుగుతుంది, అంతే. 3060కి ఎన్విడియా చెప్పిన గరిష్ఠం 93 డిగ్రీలు. అంత దూరం వెళ్లకముందే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనబడే బొమ్మల సంఖ్య) కాస్త పడొచ్చు గానీ నిప్పు రాజుకోదు. పైగా బజారులో అమ్మే ఆ లిక్విడ్ కూలర్లు ప్రాసెసర్‌ను చల్లబరిచేవి, గ్రాఫిక్స్ కార్డును ముట్టుకోనే ముట్టుకోవు! కేబినెట్ ముందు జాలీ, లోపలికి రెండు ఫ్యాన్లు, బయటికి ఒకటి ఉంటే చాలు. అంతర్వేది, పేరుపాలెం లాంటి సముద్రపు ఊళ్లలో భయపడాల్సింది ఉప్పుగాలికి. స్క్రూలు తుప్పు పట్టడం మొదలైతే మెషీన్‌ను కిటికీ దగ్గర నుంచి జరపండి. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించండి, బల్లులు దూరతాయి.

ఐ7 మాట మరీ విడ్డూరం. మన పిల్లలు ఎక్కువగా ఆడే వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌కు నాలుగు కోర్ల ఐ3 12100ఎఫ్, ఒక మాదిరి కార్డు ఉంటే 60 హెర్ట్జ్ మానిటర్‌ను (సెకనుకు 60 బొమ్మలు చూపేది) నింపేస్తాయి. ఐ7కు పెట్టే డబ్బులో తేడా కార్డుకూ ఎస్ఎంపీఎస్‌కూ మళ్లించండి. ఒక్కటి చూసుకోండి: పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడై వారంటీకి పంపితే అది తిరిగొచ్చేదాకా స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇంట్లో అదే మెషీన్ మీద చదువు కూడా సాగాలంటే, కొంచెం ఎక్కువైనా ‘ఎఫ్’ లేని 12100 తీసుకోండి.