ఐడ్లింగ్ వాల్వు విప్పాల్సింది ఎవరు?

మాస్టారు పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు. ఆయన 2008 మోడల్ ఆల్టో కొన్నాళ్లుగా సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది. మెకానిక్ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాడు. కారు షెడ్డు ముందుంది, బానెట్ తెరిచి ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు ఇంజను ఆగిపోకుండా గాలి అందించేది ఐడ్లింగ్ వాల్వు. అనుమానం దాని మీదే. దాన్ని ఇంట్లో తానే విప్పి తుడుచుకుంటానన్నారు మాస్టారు. నేను మాస్టారి పక్షమని ముందే చెబుతున్నాను. అయితే మెకానిక్ అన్నవాటిలో నాకు జవాబు తోచనివి కూడా ఉన్నాయి. వాటిని దాచలేదు.

మెకానిక్: ఇంట్లో విప్పి తుడుచుకుంటానంటే నేను ఒప్పుకోను మాస్టారూ. వాల్వు మార్చేద్దాం. గంటలో బండి తీసుకెళ్లిపోవచ్చు.

మాస్టారు: అది పాడైందని నీకెలా తెలిసింది?

మెకానిక్: కాలు తీస్తే ఇంజను ఆగిపోతోంది, ఏసీ వేస్తే ఇంకా తొందరగా ఆగిపోతోంది. ఇంకేం కావాలి?

మాస్టారు: అది వాల్వు పని సరిగ్గా జరగడం లేదనడానికి ఆధారం. వాల్వు చచ్చిపోయిందనడానికి కాదు. చూడు, కాలు తీయగానే ఇంజనులోకి గాలి వదిలే థ్రాటిల్ రేకు మూసుకుంటుంది. అప్పుడు కూడా ఇంజను నిమిషానికి ఎనిమిది, తొమ్మిది వందల చుట్లు తిరగాలంటే గాలి కావాలి కదా! ఆ గాలి రేకును తప్పించుకుని పక్కనున్న సన్నని దారిలో వెళుతుంది. ఆ దారికి తలుపు ఈ వాల్వు. లోపల చిన్న స్టెప్పర్ మోటారు, అంటే అంచెలంచెలుగా తిరిగే మోటారు, దాని కొసన శంకువులాంటి పిన్ను. ఇంజనును నడిపే కంప్యూటర్ చెప్పినంత మేర పిన్ను ముందుకో వెనక్కో జరుగుతుంది. ఏసీ వేశామంటే కంప్రెసర్ బరువు ఇంజను మీద పడుతుంది కనుక పిన్ను వెనక్కి జరిగి ఇంకొంచెం గాలి వదలాలి. ఆ దారిలో మసి పేరుకుంటే ఏమవుతుంది? ఇంజను అడుగున ఉండే క్రాంక్ కేసు నుంచి వచ్చే నూనె ఆవిరిని ఇంజను మళ్లీ తనలోకే పీల్చుకుంటుంది. అది ఏళ్ల తరబడి అక్కడ జిగురుగా పడుతుంది. పిన్ను కదలలేదు, కదిలినా దారి ఇరుకైపోయింది. మోటారు బాగానే ఉండవచ్చు. మసి పట్టిన కిటికీని తుడవకుండా కొత్త కిటికీ పెట్టిద్దామంటే ఎలా?

మెకానిక్: తుడవడం తేలికే మాస్టారూ, తుడిచాక నా దగ్గరికి తెచ్చినవి చూస్తే మీరు ఇలా అనరు. మొన్న ఒకాయన ఇలాగే ఇంట్లో విప్పాడు. పిన్ను లోపలికి పోవడం లేదని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. లోపలి మరలు పోయాయి. ఇంకొకాయన మోటారు మొత్తాన్ని క్లీనర్లో నానబెట్టాడు. మరొకరు స్క్రూడ్రైవర్ సరైనది లేక స్టార్ స్క్రూ తల నలిపేశారు. దాన్ని బయటికి తీయడానికి నాకు సగం పూట పట్టింది. వాళ్లందరూ మీలాగే పుస్తకం ప్రకారం మాట్లాడినవాళ్లే.

మాస్టారు: వాళ్లు చేసిన తప్పులు నాకు తెలుసు కనుకే అవి చేయను. ఇంజను పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీస్తాను. ముందు వాల్వు ప్లగ్గు, తర్వాత స్క్రూలు. వాల్వు చుట్టూ ఉండే ‘ఓ-రింగు’ అనే రబ్బరు చుట్టు ఎక్కడ పడిందో చూసుకుంటాను, గట్టిపడి ఉంటే కొత్తది వేస్తాను. కార్బురేటర్ క్లీనర్ కాదు, థ్రాటిల్ బాడీ, అంటే ఆ రేకు ఉండే గాలి గొట్టం కోసం అమ్మేదే కొంటాను. కార్బురేటర్ క్లీనర్ రబ్బరును ఉబ్బిస్తుంది, థ్రాటిల్ రేకు మీద పూత ఉంటే దాన్నీ తినేస్తుంది. మోటారు పైకి ఉండేలా, పిన్ను కిందికి ఉండేలా పట్టుకుని పాత టూత్ బ్రష్షుతో పిన్ను కొసను మాత్రమే శుభ్రం చేస్తాను. అలా పట్టుకుంటే ద్రవం మోటారులోకి దిగదు. థ్రాటిల్ బాడీలో పిన్ను కూర్చునే గుంటను గుడ్డతో తుడుస్తాను. ఎందుకంటే సగం మసి అక్కడే ఉంటుంది, వాల్వు మార్చేవాళ్లు దాన్ని వదిలేస్తారు.

(ఈ చివరి మాటను నేను రెండుసార్లు రాసుకున్నాను. కొత్త వాల్వు వేసినా ఇంజను మళ్లీ ఆగిపోయే బళ్లలో కొన్నింటికి కారణం ఇదే.)

మెకానిక్: ఆ గుంట నేను తుడుస్తాను మాస్టారూ, నన్ను ఆ లెక్కలో కలపకండి. సరే, మీరు అన్నీ సరిగ్గానే చేశారనుకుందాం. ఒకటి అడుగుతాను. పోయిన వారం ఫోనులో ఏం చెప్పారు? ఇంజను ఆగడం ఒక్కటే కాదు, ఒక్కోసారి దానంతటదే రేస్ అయి మళ్లీ పడిపోతోందన్నారు. శబ్దం పైకీ కిందికీ ఊగుతోందన్నారు. అవునా?

మాస్టారు: అన్నాను.

మెకానిక్: ఊగుతోందంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతుండవచ్చు. ఏ రబ్బరు గొట్టమో చిట్లింది, లేదా ఇంజనుకు గాలి పంచే మానిఫోల్డ్ దగ్గర ప్యాకింగు వదులైంది. అలా అదనపు గాలి వస్తే వేగం పెరుగుతుంది. కంప్యూటర్ దాన్ని తగ్గించడానికి మీ వాల్వును మూయిస్తుంది. మీరు వాల్వు విప్పి చూస్తారు, పిన్ను చివరిదాకా బయటికి వచ్చి ఉంటుంది. ఇరుక్కుందనుకుంటారు. నిజానికి అది చెప్పిన పనే చేస్తోంది. ఎంత తుడిచినా జబ్బు అక్కడ లేదు.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. గొట్టాల వైపు వంగి చూశారు.

మాస్టారు: ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నాయనా, గొట్టం మీద అనుమానం ఉంచుకుని వాల్వు మార్చేద్దామని ఎందుకన్నావు?

మెకానిక్: చెప్పమంటారా?

మాస్టారు: చెప్పు.

మెకానిక్: లీకు వెతకాలంటే ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి పూట పడుతుంది. ప్రతి గొట్టాన్నీ వంచి చూడాలి, నీళ్లు చల్లి ఇంజను శబ్దం మారుతుందేమో వినాలి. చివరికి జానెడు రబ్బరు గొట్టం దొరుకుతుంది. దాని ధర ఎంత? అప్పుడు నేను నా పనికి డబ్బు అడిగితే, ఈ గొట్టం ముక్కకు ఇంతా అని మొహం మీదే అంటారు. అదే కొత్త వాల్వు వేసి, పాతది చేతిలో పెట్టి, బిల్లు ఇస్తే మారుమాట లేకుండా ఇస్తారు. చేతికి సామాను తగిలితేనే జనం డబ్బు తీస్తారు. నేను వెతికిన గంటకు, విన్న శబ్దానికి, ఇరవై ఏళ్లుగా ఈ చేతులు నేర్చుకున్నదానికి ధర లేదు. బడిలో మీకు జీతం వచ్చింది పాఠం చెప్పినందుకే కదా? సుద్దముక్కలు అమ్మినందుకు కాదు. నా షెడ్డులో మాత్రం సుద్దముక్కలు అమ్మితేనే పూట గడుస్తుంది.

మాస్టారు: నీ బాధ నిజం. కానీ దానికి మందు, చెడిపోని వాల్వును నాకు అమ్మడమా? పోయినసారి ఇంకో చోట ఇలాగే ఒక సెన్సర్ మార్చారు. కంపెనీ పెట్టెలో డూప్లికేట్ పెట్టి ఇచ్చారు. మూడు నెలలు రాలేదు.

మెకానిక్: నేను డూప్లికేట్ వేశానా మాస్టారూ? నా దగ్గరికి వచ్చిన ఇన్నేళ్లలో ఒక్కటి చూపించండి.

మాస్టారు: నువ్వు కాదన్నాను కదా.

మెకానిక్: అనలేదు. ఇంకో చోట అన్నారు, నా మొహం చూస్తూ అన్నారు.

మాస్టారు: అలా అనిపించి ఉంటే నా తప్పే. నువ్వు వేయలేదు.

మెకానిక్: ఇంకో మాట. మీ అబ్బాయి కొత్త కారు కొన్నాడు కదా, దానిలో ఈ వాల్వు ఎక్కడుందో చూపించండి. లేదు. యాక్సిలరేటర్ తీగ కూడా లేదు. థ్రాటిల్ రేకును మోటారే తిప్పుతుంది, ఐడ్లింగూ అదే చూసుకుంటుంది. తాళం ఆన్‌లో ఉండగా ఆ రేకును వేలితో తోస్తే పళ్ల చక్రాలు దెబ్బతింటాయి, వేలు నలుగుతుంది. కొన్నింటికి తుడిచిన తర్వాత స్కానర్ పెట్టి, రేకు ఎక్కడ ఆగాలో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పాలి. మీరు నేర్చుకున్న విద్య ఈ పాత బండితో అయిపోతుంది.

మాస్టారు: ఆ కారు జోలికి నేను వెళ్లను. అది నీకే తెస్తాను. కానీ రోడ్ల మీద ఇంకా ఎన్ని పాత ఆల్టోలు, వ్యాగన్ ఆర్‌లు, శాంట్రోలు తిరుగుతున్నాయో చూడు. వాటి యజమానుల్లో చాలామందికి కొత్త వాల్వు ఖర్చు తేలిక కాదు. క్లీనర్ డబ్బా, సరైన స్క్రూడ్రైవర్, ఒక మల్టీమీటర్, ఒక ఆదివారం పొద్దుట. వాల్వు మోటారులో రెండు తీగ చుట్లుంటాయి. మల్టీమీటరుతో కొలిస్తే రెండింటి నిరోధం దాదాపు సమానంగా రావాలి. ఒకటి తెగిపోయి ఉంటే అప్పుడు మార్చు, నేను అడ్డు చెప్పను. కొలవకుండా మార్చడమే నాకు సమ్మతం కాదు. నీకు ఎనిమిదో తరగతిలో నేను చెప్పింది కూడా ఇదే, కొలిచాకే రాయమని.

మెకానిక్: గుర్తుంది. మీరు కొట్టిన దెబ్బ కూడా గుర్తుంది.

మాస్టారు: అది కొట్టకుండా ఉండాల్సింది.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

మెకానిక్: స్టార్ట్ చేయండి. ముందు నీళ్లు చల్లి గొట్టాలు చూద్దాం. తర్వాత ఇంజను ఆపి, వాల్వు ప్లగ్గు పీకి, ఆ రెండు తీగ చుట్లనూ కొలుద్దాం. ఒకటి తెగి ఉంటే వాల్వు పోయిందనుకోవచ్చు.

మాస్టారు: వెతికినందుకు ఎంత తీసుకుంటావో ఇప్పుడే చెప్పు. గొట్టం దొరికినా దొరకకపోయినా ఇస్తాను.

మెకానిక్: మీ దగ్గరా?

మాస్టారు: నా దగ్గర మొదలుపెట్టకపోతే ఎవరి దగ్గర అడుగుతావు? చెప్పు.

మెకానిక్: మూడు వందలు.

మాస్టారు: ఇదిగో. గొట్టం బాగానే ఉండి వాల్వు విప్పాల్సి వస్తే మాత్రం స్క్రూలు నేనే విప్పుతాను.

మెకానిక్: ఇంజను చల్లారాక. నా స్క్రూడ్రైవరుతో. పక్కన నేను నిలబడతాను.

మాస్టారు: నిలబడు. పిన్ను మీద వేలు పెడితే నన్ను ఆపు.